పప్పు ఉడికిన నీళ్ళు

నేను మూయించిన బావి ఒకటుంది. జగ్గయ్యపేట, నందిగామ సెక్షన్లలో ముప్పై ఏళ్ళకు పైగా గ్రామాల తాగునీటి ఇంజినీరుగా పనిచేశాను. వేయించిన బోర్లు, కట్టించిన ట్యాంకులు ఎన్నో నాకే సరిగ్గా గుర్తులేదు. మూయించిన ఆ ఒక్క బావి మాత్రం గుర్తుంది.

గ్రామ సచివాలయాల్లో కొత్తగా చేరిన ఇంజినీరింగ్ అసిస్టెంట్లు అప్పుడప్పుడూ ఫోన్ చేసి సలహా అడుగుతుంటారు. మోటారు కాలిపోతే ఏం చెయ్యాలి, సర్పంచి మాట వినకపోతే ఏం చెయ్యాలి, ఇలాంటివి. నాకు తెలిసింది చెబుతుంటాను. కానీ వాళ్ళెవరూ అడగని సంగతి ఒకటి నా దగ్గర మిగిలిపోయింది. అది చెప్పకుండా మిగతావి ఎన్ని చెప్పినా దండగ అనిపించి ఇది రాస్తున్నాను.

ఈ ఉద్యోగం అసలు ఏమిటి

నీళ్ళు ఇవ్వడం మన ఉద్యోగం అనుకుని చేరతాం. నేనూ అలాగే చేరాను. ఏ నీళ్ళు ఇస్తున్నామో తెలుసుకుని ఇవ్వడం మన ఉద్యోగమని నాకు తెలిసేసరికి సగం సర్వీసు అయిపోయింది.

మన మెట్ట ఊళ్ళ సంగతి చూడండి. వేదాద్రిలో గట్టు మీద నిలబడితే కృష్ణ నిండుగా కనిపిస్తుంది. అక్కణ్ణించి బండి మీద కాసేపు లోపలికి వస్తే బిందెలు వరసలో ఉంటాయి. నది నీళ్ళు పైపులో రావచ్చు, వస్తున్నాయి కూడా. కానీ పైపు ఎక్కడో పగిలిందంటే చిట్టచివరి ఊరికి వారం రోజులు చుక్క రాదు. అందుకే ఏ ఊరి నీళ్ళు ఆ ఊళ్ళోనే శుభ్రం చేసుకోవాలి, ఆ ఊళ్ళోనే మళ్ళీ వాడుకోవాలి అని నేను మొదటి నుంచీ వాదించేవాణ్ణి. ఆ వాదన ఇప్పటికీ తప్పు కాదు. దాన్ని నేను చేసిన తీరు తప్పు.

మంగమ్మ గారి గిన్నె

ఊరి పేరు రాయను. సున్నపురాయి క్వారీలు దాటి తెలంగాణ వైపు వెళ్తుంటే వస్తుంది. ఇరవయ్యేళ్ళ పైమాట. ఆ ఊరికి బడి పక్కన పాత గిలక బావి ఒక్కటే ఆధారం. నీళ్ళకు కొదవ లేదు గానీ, గట్టి నీళ్ళు. సబ్బు నురగ రాదు, గిన్నెలకు తెల్లగా గార కడుతుంది, అన్నిటికన్నా ముఖ్యంగా పప్పు ఉడకదు. బడిలో మధ్యాహ్న భోజనం వండే మంగమ్మ గారు నేను ఎప్పుడు వెళ్ళినా ఒకటే పాట పాడేవారు.

“ఏఈ గారూ, పొద్దున ఏడింటికి పొయ్యి మీద పెట్టానండీ. గంట కొట్టేస్తున్నారు, పప్పు ఇంకా పలుకు పలుకుగానే ఉంది. పిల్లకాయలకి ఏం పెట్టమంటారు, మీరే చెప్పండి!”

ఆవిడ మాటకారి. నవ్విస్తూనే తిట్టేవారు. ఆవిడ మాట పడి నేను లోతు బోరు మంజూరు చేయించాను. రాతిలో చాలా లోతుకు దిగాక నీళ్ళు పడ్డాయి. ఊరంతా మూగింది. సర్పంచి దోసిలి పట్టి తాగి, కొబ్బరినీళ్ళలా ఉన్నాయన్నాడు.

నా పైఅధికారి డీఈ గారు అప్పుడు నందిగామలో ఉండేవారు. మనిషి గట్టివాడు, ఆయనంటే ఎవరికీ ఇష్టం లేదు, నాకు అసలే లేదు. నీళ్ళు పడ్డాయని చెబితే మెచ్చుకుంటారనుకున్నాను.

“ఏమయ్యా ప్రసాదూ, శాంపిల్ ల్యాబుకి పంపావా?”

“పంపాను సార్. రిపోర్టు రావడానికి మూడు వారాలు పట్టేట్టుంది.”

“అయితే మూడు వారాలు ఆగు. అప్పటిదాకా ఆ నీళ్ళు ఎవరి నోట్లోకీ పోకూడదు.”

ఆయనకు జనం బాధ తెలియదని మనసులో తిట్టుకుంటూ వచ్చాను. ఊళ్ళోకి వెళ్ళేసరికి మంగమ్మ గారు నా కోసమే కాచుకుని ఉన్నారు. టెస్టింగుకని మోటారు వేసినప్పుడు ఆ నీళ్ళు ఒక బిందె పట్టి కందిపప్పు పెట్టారట. మూత తీసి గరిటెతో మెదిపి చూపించారు. వెన్నలా ఉంది.

“చూడండి, చిటికెడు సోడా కూడా వెయ్యలేదండీ. అరగంట పట్టలేదు. ఇంతకన్నా మంచి నీళ్ళు ఏముంటాయండీ?”

నాకూ అలాగే అనిపించింది. నేను పుట్టింది చెవిటికల్లు దగ్గర. మా అమ్మ కూడా ఏ ఊరి నీళ్ళనైనా పప్పుతోనే తూచేది. పప్పు ఉడికితే మంచి నీళ్ళు, ఉడక్కపోతే చెడ్డ నీళ్ళు. ఇంజినీరింగు డిగ్రీ చదివి వచ్చినా ఆ తూకం నాలోంచి పోలేదు. ఆ సాయంత్రమే వీధి కుళాయిలకు నీళ్ళు వదిలించాను. ఊరంతా చప్పట్లు కొట్టింది. డీఈ గారి మాట ఆ చప్పట్లలో నాకు గుర్తు రాలేదు.

సొరుగులో కాగితం

రిపోర్టు సరిగ్గా మూడు వారాలకే వచ్చింది. ఫ్లోరైడ్ ఉండాల్సిన పరిమితి దాటి చాలా పైన ఉంది.

సంగతి తర్వాత చదువుకుంటే అర్థమైంది. సున్నపురాయి మధ్య ఊరే బావి నీళ్ళలో కాల్షియం ఎక్కువ. పప్పును ఉడకనివ్వనిది అదే, ఫ్లోరైడ్‌ను ఎక్కువగా నిలవనివ్వనిదీ అదే. కింద లోతు రాతిలోంచి వచ్చే నీళ్ళు వేరు. వాటిలో కాల్షియం తక్కువ, సోడా గుణం ఎక్కువ. పప్పు ఉడక్కపోతే మనం చిటికెడు వంటసోడా వేస్తాం కదా, ఆ బోరు ఆ సోడాను తనే వేసి పంపుతోంది. అలాంటి నీళ్ళలోనే ఫ్లోరైడ్ హాయిగా నిలుస్తుంది. రుచి ఉండదు, వాసన ఉండదు, రంగు ఉండదు. పప్పు వెన్నలా ఉడికిందంటే నేను అనుమానించాల్సింది పోయి సంబరపడ్డాను.

ప్రతి మెత్తని నీళ్ళలోనూ ఫ్లోరైడ్ ఉంటుందని నేను అనడం లేదు. వంటగిన్నె చూసి నీళ్ళకు సర్టిఫికెట్ ఇవ్వకండి అంటున్నాను.

తెలియక చేసింది అంతవరకే. ఆ తర్వాత చేసిందంతా తెలిసి చేసిందే. ఆ కాగితం చదివి మడిచి సొరుగులో పెట్టాను. ఎందుకని ఇన్నేళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను. మెమో వస్తుందన్న భయం కొంత. దానికన్నా సిగ్గు ఎక్కువ. చప్పట్లు కొట్టిన ఊరికి వెళ్ళి, తాగకండి అని ఏ మొహంతో చెప్పను? ఫ్లోరైడ్ తీసే ఫిల్టర్ యూనిట్లు ఊళ్ళకు వస్తున్నాయని అప్పుడే అంటున్నారు. రెండు నెలల్లో ఒకటి పెట్టించేస్తే ఎవరికీ తెలియకుండా సర్దుకుపోతుందని లెక్క వేసుకున్నాను. డీఈ గారు ఒకసారి ఫోనులో అడిగారు.

“ఆ శాంపిల్ సంగతి ఏమైందయ్యా?”

“ఇంకా రాలేదు సార్.”

ఆ మూడు మాటలు అనడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. తర్వాత ఆయనకు బదిలీ అయింది. వచ్చినాయన అడగలేదు. రెండు నెలలు అనుకున్న ఫిల్టర్ రెండేళ్ళకు వచ్చింది.

ఇంకొకటి ఉంది. ఆ మధ్యలోనే బావిలో దూడ పడి చచ్చింది. ఇక ఎవరూ తోడుకోని బావి ఎందుకు, స్లాబు వేసి మూసేద్దామని పంచాయతీ కాగితం పెట్టింది. సంతకం నాది. రిపోర్టు ఉన్న సొరుగులోంచే స్టాంపు ప్యాడ్ తీసి ముద్ర వేశాను. ఆ బావి నీళ్ళు ఒక్కసారైనా సీసాలో పట్టి ల్యాబుకి పంపాలని నాకు తట్టలేదు. పప్పు ఉడకని నీళ్ళు మంచివి అయ్యుంటాయని ఎవరు మాత్రం అనుకుంటారు? అనుకోవాల్సినవాణ్ణి నేనే.

షెడ్డు

ఫిల్టర్ వచ్చిన రోజు బడి వరండాలో మీటింగు పెట్టాం. నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని, ఇక నుంచి తాగడానికి, వంటకి ఈ షెడ్డులో నీళ్ళే పట్టుకోవాలని చెప్పాను. ఒక పెద్దాయన లేచాడు.

“మరి మాకు ముందెందుకు చెప్పలేదండీ?”

నేను తయారుగా లేను. నోటికి వచ్చింది అన్నాను.

“మొదట్లో బాగానే ఉన్నాయి కదండీ. పప్పు ఎంత బాగా ఉడికిందో మీరంతా చూశారుగా.”

అందరూ మంగమ్మ గారి వైపు చూశారు. ఆవిడ స్తంభం పక్కన కూర్చుని ఉన్నారు, ఒళ్ళో ఏడాది మనవరాలు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఆ రోజు తల దించుకుని మనవరాలి గౌను సర్దారు. ఉద్యోగంలో నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి. ఇదంత నీచమైనది మాత్రం ఇంకొకటి లేదు.

షెడ్డు కొన్నాళ్ళు బాగా నడిచింది. పెద్ద డ్రమ్ములో తెల్లటి గుళికలుంటాయి, నీళ్ళు వాటిలోంచి దిగుతుంటే ఫ్లోరైడ్ వాటికి పట్టుకుంటుంది. కొన్ని వారాలకోసారి కాస్టిక్ సోడా నీళ్ళతో గుళికలు కడగాలి, తర్వాత కొంచెం ఆమ్లంతో సరిచెయ్యాలి. ఆ పని ఊరి వాటర్‌మేన్ పిచ్చయ్యకు నేర్పాను. బుద్ధిగా చేసేవాడు. అసలు పని కడగడంలో లేదని నాకు తర్వాత తెలిసింది. కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయన్నదే అసలు పని. ఏ చుక్కా వృథా కాకూడదని కాలవ తీయించి ఆ నీళ్ళను పశువుల తొట్టిలోకి మళ్ళించాను. మళ్ళీ వాడుకోవడం అంటే అదే అనుకున్నాను. నాలుగు రోజులకు పిచ్చయ్య ఫోన్ చేశాడు.

“సార్, తొట్టి నిండా నీళ్ళున్నయ్, ఒక్క గేదె కూడా మూతి పెట్టట్లేదండీ. వాసన చూసి పక్కకి పోతన్నయ్.”

ఊరి మొత్తం నీళ్ళలోంచి పట్టి తీసిన ఫ్లోరైడ్ అంతా ఆ తొట్టిలోనే పోశాను. గేదెలకున్న తెలివి లేకపోయింది నాకు. వెంటనే కాలవ పూడ్పించి, ఆ కడుగునీళ్ళు ఆరబెట్టడానికి సిమెంటు కుండీ కట్టించాను.

ఈ మాట మీరు గట్టిగా పట్టుకోండి. ఇప్పుడు ప్రతి ఊళ్ళో మినరల్ వాటర్ ప్లాంటు ఉంది, క్యాన్లు ఆటోల్లో తిరుగుతున్నాయి. ఆ ప్లాంటు వదిలే చెత్తనీళ్ళు ఎటు పోతున్నాయో వెళ్ళి చూడండి. ఒకచోట ఓనరు ఆ నీళ్ళను తన బోరు పక్కనే గుంత తీసి ఇంకించడం చూశాను. నీళ్ళు వృథా చెయ్యట్లేదు సార్ అని గర్వంగా చెప్పాడు. పైన తీసింది మళ్ళీ కిందికే పంపుతున్నాడు. నేను చేసిందీ అదే.

పిచ్చయ్య పోయాక ఆ షెడ్డు పనయిపోయింది. గుళికలు కడిగేవాళ్ళు లేరు. నీళ్ళు మాత్రం డ్రమ్ములోంచి వస్తూనే ఉన్నాయి, ఫిల్టర్ నీళ్ళే అనుకుని జనం పట్టుకుంటూనే ఉన్నారు. పనిచెయ్యని ఫిల్టర్ కన్నా ఫిల్టర్ లేకపోవడమే మేలు. లేదని తెలిస్తే మనిషి జాగ్రత్త పడతాడు. యంత్రం తెచ్చి పెట్టేవాళ్ళు చాలామంది వస్తారు, రిబ్బను కత్తిరించేవాళ్ళు అంతకన్నా ఎక్కువ మంది వస్తారు. మూడో ఏడాది దాన్ని కడిగేది ఎవరో మొదటి రోజే కాగితం మీద పేరుతో సహా రాసుకోండి. ఆ పేరు రాయలేకపోతే ఆ యంత్రం తీసుకోకండి.

అప్పటికి నేను వేరే సెక్షనులో ఉన్నాను. వెళ్ళి చూడొచ్చు. నందిగామ నుంచి ఎంత దూరం కనుక? మంగమ్మ గారి ఎదుట పడాల్సి వస్తుందని వెళ్ళలేదు. కళ్ళు ఆనడం లేదని చెప్పి ఆవిడ బడిలో వంట మానేశారని ఎవరో చెప్పారు. నమ్మేశాను.

స్రవంతి ఫోన్

రిటైరయ్యాక కిందటేడు ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పేరు స్రవంతి అని, మంగమ్మ గారి మనవరాలినని చెప్పింది. ఊళ్ళో నీళ్ళు పరీక్షించడానికి కొందరు ఆడవాళ్ళకు కిట్లు ఇచ్చి నేర్పారట, వాళ్ళలో తనొకతి. నా నంబరు సచివాలయంలో తీసుకుందట.

“సార్, స్లాబు మూల పగిలిందండీ. తాడు కట్టి సీసా దించి మన పాత బావి నీళ్ళు తీశా. ఫ్లోరైడ్ టెస్టు చేస్తే రంగు గులాబీగానే ఉండిపోయింది. బోరు నీళ్ళకేమో పసుపుపచ్చగా మారిపోతంది. మూడుసార్లు చేశానండీ. అంటే బావి నీళ్ళే మంచివి కదా సార్?”

“అవునమ్మా.”

“మరి ఆ బావి ఎందుకు మూయించారండీ?”

నిలదీయడానికి అడగలేదు, నిజంగా తెలుసుకోవడానికే అడిగింది. వచ్చి చెబుతాను అన్నాను.

మర్నాడు జగ్గయ్యపేటలో బస్సు దిగి ఆటో ఎక్కాను. మంగమ్మ గారు అరుగు మీద కూర్చుని చింతకాయలు ఒలుస్తున్నారు. కళ్ళు శుభ్రంగా ఆనుతున్నాయి, వీధి మొదట్లోనే నన్ను గుర్తుపట్టారు. స్రవంతి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, ప్రయాణం ఎలా జరిగింది సార్ అంటూ నవ్వింది. నవ్వుతూనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా కనిపించాయి. ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు. రుద్దితే పోవు అవి.

నేను మొదలుపెట్టేలోపే మంగమ్మ గారు అందుకున్నారు.

“ఇది మిమ్మల్ని ఏదో అడిగిందటగా. దానికి తెలీదండీ. బావి మూయించింది మీరు కాదు, నేను. నా పప్పు చూసే కదా మీరు ఒప్పుకుంది. ఊరి పిల్లలందరి పళ్ళూ పాడుచేశానండీ నా చేతుల్తో. అందుకే మళ్ళీ బళ్ళో గరిటె పట్టుకోలేదు.”

ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు. రిపోర్టు మూడు వారాలకే వచ్చిందని చెప్పాను. సొరుగులో పెట్టానని, డీఈ గారికి అబద్ధం చెప్పానని, రిపోర్టు చేతిలో ఉండగానే బావికి మూత వేయించానని, వరండాలో ఆవిడ మీదికి నెట్టేశానని అన్నీ చెప్పాను.

ఆవిడ చేతిలో చింతకాయ పక్కన పెట్టి అడిగారు.

“అయితే నా పప్పు వల్ల కాదా అండీ?”

“కాదండీ. నా వల్ల.”

“విన్నావటే, స్రవంతీ?” అని మనవరాలి వైపు తిరిగారు. తర్వాత నా వైపు చూశారు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. “ఈ మాట నాకు చెబితే ఏం లాభం? ఆ రోజు బడి వరండాలో చెప్పారుగా. అక్కడే చెప్పండి.”

మూత తీశాక

చెప్పాను. గ్రామసభ రోజున, అదే వరండాలో, అదే స్తంభం పక్కన ఆవిడ కూర్చుని ఉండగా. ఆనాటి పెద్దవాళ్ళు చాలామంది లేరు. వయసులో ఉన్నవాళ్ళలో ఒకతను లేచి, “ఇప్పుడు చెబితే మా పళ్ళు తెల్లబడతాయా సార్?” అన్నాడు. తెల్లబడవు అన్నాను. క్షమించామని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు.

తర్వాత పని మొదలైంది. సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటు అమ్మాయి చురుకైంది, నేను పక్కన కూర్చుని చూశానంతే. స్లాబు తీసి, పూడిక ఎత్తి, బ్లీచింగు చల్లారు. బడి డాబా మీద పడే వాన నీళ్ళు ఇసుక, కంకర నింపిన తొట్టిలోంచి బావిలోకి దిగేట్టు చేశారు. పిల్లలు చేతులు, కంచాలు కడిగిన నీళ్ళు బావి దరిదాపులకు రాకుండా తోటకూర మళ్ళకు మళ్ళించారు. బావి నీళ్ళు ముందు ల్యాబుకి పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఒక్క బిందె కూడా తోడనివ్వలేదు. ఆ మూడు వారాలు స్రవంతి ఆ బావికి కాపలా ఉంది. రిపోర్టు రాగానే బడి గోడకు అంటించింది. నెలనెలా అంటిస్తోంది. తాగడానికీ వంటకీ బావి నీళ్ళు, మిగతా వాడకానికి బోరు నీళ్ళు అని పక్కనే పెద్ద అక్షరాలతో రాసింది.

వాడకం మొదలైన రోజు మంగమ్మ గారు తానే వండుతానన్నారు. ఇన్నేళ్ళ తర్వాత బడి పొయ్యి దగ్గర కూర్చుని ఆ నీళ్ళతో కందిపప్పు పెట్టారు. గంట దాటింది. మూత తీసి గరిటెతో నాలుగు గింజలు తీసి వేళ్ళతో నలిపి చూసి, నన్ను పిలిచారు.

“ఏఈ గారూ, ఇలా రండి. చూడండి, ఇంకా పలుకు పలుకుగానే ఉందండీ!”

అని పెద్దగా నవ్వారు. ఆవిడ అలా నవ్వగా నేను చూసి ఇరవయ్యేళ్ళు దాటింది. పక్కన స్రవంతి కూడా నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.